వెబ్‌సైటు కట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఈ రెండు పనులలోను మొదట వేసుకొన్న లెక్క చివరకు నిలవదు. ఈనాడు ఆ వరుసలో మూడవదిగా వెబ్‌సైటును చేర్చవచ్చును. అయితే ఇంటికీ దీనికీ ఒక భేదం ఉన్నది. ఇల్లు కట్టదలచినవారు మేస్త్రీని పిలిచి స్థలం చూపితే, చదరపుటడుగుకు ఇంత అని అతడొక అంచనా చెప్పగలడు. వెబ్‌సైటుకు చదరపుటడుగు లేదు. ఒక పాఠశాలవారు తమ వార్షికోత్సవ చిత్రాలు, పరీక్షాఫలితాలు పెట్టుకొనడానికి వెబ్‌సైటు కావలెనని ముగ్గురిని అడిగినారనుకొందాము. ఒకరు వేలలో చెబుతారు. ఒకరు లక్షలలో చెబుతారు. మూడవవాడు, బహుశా ఆ బడిలోనే తొమ్మిదవ తరగతి చదివే కుర్రవాడు, ఆదివారంనాడు కూర్చుండి ఉచితంగా చేసి ఇస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

మరొక ప్రక్కన, అమెరికా ప్రభుత్వం 2013లో తెరచిన ఒక్క వెబ్‌సైటుకు, దాని అనుబంధ వ్యవస్థలకు కలిపి 2014 మార్చి నాటికి సుమారు 84 కోట్ల డాలర్లు కేటాయించవలసివచ్చినది. దానిని తెరచిన మొదటి రోజున, వచ్చిన పని పూర్తిచేసుకొని వెళ్ళగలిగినవారు ఆరుగురు.

ఉచితానికీ 84 కోట్లకూ నడుమ ఇంత దూరమెందుకు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెబ్ చరిత్రలోనే ఉన్నది.

పునాదిరాయి ఉచితం

స్విట్జర్లాండులో జెనీవా నగరం చెంత సెర్న్ అనే పరమాణు పరిశోధనాకేంద్రం ఉన్నదని పాఠకులెరుగుదురు. అక్కడ పనిచేస్తూ ఉండిన టిమ్ బర్నర్స్‌లీ అనే ఆంగ్లేయుడు 1989 మార్చిలో తన పై అధికారికి ఒక ప్రతిపాదన సమర్పించినాడు. వివిధ దేశాలనుండి వచ్చిపోయే శాస్త్రజ్ఞుల కాగితాలన్నీ వేరువేరు కంప్యూటర్లలో చెదరి ఉన్నవనీ, వాటిని ఒకదానికొకటి ముడివేసి ఎక్కడినుండి అయినా చదువుకొనే ఏర్పాటు చేయవచ్చుననీ దాని సారాంశం. 1990 చివరకు మొదటి వెబ్‌సైటు పనిచేసినది. అది ఉండిన కంప్యూటరును ఎవరైనా పొరపాటున ఆపివేస్తారేమోనని, ఇది సర్వరు, ఆపవద్దు అని ఎర్రసిరాతో వ్రాసిన చీటీని దానికి అంటించినారు. ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్‌సైటు సంరక్షణకు అయిన ఖర్చు ఆ చీటీయే అనవచ్చును!

ఇంతకంటె ముఖ్యమైన సంగతి 1993 ఏప్రిల్ 30న జరిగినది. వెబ్‌కు సంబంధించిన తన సాఫ్ట్‌వేరును ఎవరైనా, ఏ రుసుమూ లేకుండా వాడుకొనవచ్చునని సెర్న్ సంస్థ ఆ రోజున వ్రాతమూలకంగా ప్రకటించినది. ఈ ఔదార్యం విలువ తెలియవలెనంటే ప్రక్కనే ఉన్న మరొక కథ చూడవలెను. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు గోఫర్ అనే ఇటువంటి ఏర్పాటునే అప్పటికే వాడుకలోకి తెచ్చి ఉండినారు. అది వెబ్‌కంటె ఎక్కువ ప్రచారం పొందినదే. 1993 తొలినాళ్ళలో దాని సర్వరు వాడకానికి కొందరినుండి రుసుము తీసుకొంటామని ఆ విశ్వవిద్యాలయం ప్రకటించగానే జనం వెనుకంజ వేసినారు. క్రొద్ది సంవత్సరాలలో గోఫర్ మరుగునపడినది, వెబ్ నిలిచినది.

కాబట్టి వెబ్‌పుట వ్రాసే భాష ఉచితం. దానిని పంపించే నియమాలు ఉచితం. 1995లో వచ్చిన అపాచీ వంటి సర్వరు సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే. వెబ్‌సైటు పేరుకు సైతం మొదట రుసుము లేదు. అమెరికాలోని జాతీయ విజ్ఞాన సంస్థ ఆ ఖర్చు భరించేది. 1995 సెప్టెంబరునుండి మాత్రం రెండేళ్ళకు 100 డాలర్ల చొప్పున వసూలు చేయసాగినారు. ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసినది ఒకటి ఉన్నది. పేరును మనం కొనుక్కొనము, అద్దెకు తీసుకొంటాము. గడువులోపల అద్దె కట్టకపోతే ఆ పేరు మరొకరి పాలవుతుంది. ఎంతో ఉత్సాహంతో కట్టించిన వెబ్‌సైట్లు, ఏటా కట్టవలసిన స్వల్పమొత్తం ఎవరి బాధ్యతో తేలక మాయమైపోవడం మామూలే.

తెలుగు అక్షరానికి అదనపు సుంకం

పునాది అందరికీ ఉచితమే అయినా, తెలుగువారు మరొక సుంకం చెల్లించవలసివచ్చినది. అది అక్షరానికి. 1990 దశాబ్దం చివరలో తెలుగు పత్రికలు వెబ్‌లో కనిపించసాగినవి. కాని ఒక్కొక్క పత్రిక తన సొంత అక్షరరూపాన్ని, అనగా ఫాంటును, తయారుచేయించుకొన్నది. ఒకరి ఫాంటులో "క" కు ఉండిన సంకేతసంఖ్య మరొకరి ఫాంటులో మరేదో అక్షరానికి ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పుట తెరిస్తే అర్థంలేని చిహ్నాలు వరుసగా కనిపించేవి. అందులో ఏదైనా మాటను వెదకడం సాధ్యమయ్యేది కాదు.

ప్రపంచభాషలన్నింటికీ ఒకే సంకేతపట్టికగా రూపొందిన యూనికోడ్ 1991లో వెలువడినప్పుడే అందులో తెలుగు ఉన్నది. అయితే పట్టికలో చోటు దొరకడం వేరు, తెరమీద అక్షరం కనిపించడం వేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు రావడం, తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన ఫాంటును తయారుచేసి ఉచితంగా పంచడం వంటివాటి వలన క్రమంగా ఈ చిక్కు వీడినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జునగారే, పాత ఫాంట్లలోని పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చూపే పద్మ అనే ఉపకరణాన్ని కూడా నిర్మించినారు. అచ్చులో పెట్టిన తెలుగును మరల తెలుగులోనికే అనువదించడానికి ఒక యంత్రం కావలసివచ్చినదన్నమాట! ఇవన్నీ ఎవరో కొందరు తమ తీరికవేళలను వెచ్చించి చేసిన పనులు. ఈనాడు తెలుగు వెబ్‌సైటు కట్టేవారి అంచనాలలో అక్షరాలకు ఖర్చు సున్న. ఆ సున్న వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

గోడపత్రిక, టిక్కెట్ల కిటికీ

మొదటి వెబ్‌పుటలు గోడపత్రికల వంటివి. అంటించి వచ్చిన తరువాత పదిమంది చదివినా పదివేలమంది చదివినా దానికి పెద్ద తేడా లేదు. మన తొమ్మిదవ తరగతి కుర్రవాడు ఉచితంగా చేసి ఇచ్చేది ఇటువంటిదే. 1993లో చదువరి అడిగిన ప్రశ్ననుబట్టి అప్పటికప్పుడు పుట తయారుచేసి పంపే పద్ధతి వచ్చినది. అప్పటినుండి వెబ్‌పుట గోడపత్రికగా ఉండక, టిక్కెట్లిచ్చే కిటికీ అయినది. ఖర్చు కథ ఇక్కడ మలుపు తిరిగినది.

మనందరికీ తెలిసిన రైలు రిజర్వేషనునే తీసుకొందాము. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. వెబ్‌సైటులో టిక్కెట్లు అమ్మడం మొదలైనది. కాని ఏ బండిలో ఏ బెర్తు ఖాళీగా ఉన్నదో ఆ పుటకు తెలియదు. అది రైల్వేవారి రిజర్వేషను కంప్యూటర్లకు తెలుసు. ఆ వ్యవస్థకు కాన్సర్ట్ అని పేరు. 1994లో దానిని మొట్టమొదట మన సికిందరాబాదులో అమలుచేసినారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రాలు ఐదింటినీ ముడివేసినారు. ఒకే బెర్తును విజయవాడ కౌంటరులో ఒకరికి, వరంగల్లులో ఇంట కూర్చున్న మరొకరికి ఒకే క్షణంలో అమ్మకుండా కాపాడడమే దీనిలో అసలు కష్టం. ఒకరికి అమ్ముతున్నంతసేపు ఆ బెర్తుకు తాళం వేసి ఉంచవలెను. డబ్బు అందకపోతే తాళం తీయవలెను. ఉదయం తత్కాల్ వేళకు లక్షలమంది ఒక్కసారిగా తలుపు తట్టితే ఇన్ని తాళాలూ తడబడకుండా నడవవలెను. 2014లో ఈ వెబ్‌సైటును మరల కట్టినప్పుడు, అంతకు ముందు నిమిషానికి 2,000 టిక్కెట్లు ఇవ్వగలిగినది 7,200 ఇవ్వగలిగేటట్లు చేసినారు. ఆ మార్పుకైన శ్రమలో ఎక్కువ పాలు ప్రయాణీకుడికి కనిపించని చోటనే ఉన్నది.

ఇట్లా పుట ఒకటి, దాని వెనుక కట్టడం మరొకటి అని తెలియక తొలిరోజులలో చేతులు కాల్చుకొన్నవారు చాలామంది. లండనులో బూ డాట్ కామ్ అనే బట్టల అంగడి 1999 నవంబరులో వెబ్‌లో తెరచినారు. బొమ్మలు గిరగిర తిరిగేవి, ఒక బొమ్మకన్య మాటలాడేది. ఆనాటి టెలిఫోను తీగలమీద ఆ పుట తెరుచుకొనడానికి నిమిషాలు పట్టేది. సుమారు 13.5 కోట్ల డాలర్లు ఖర్చుచేసి, 2000 మే నెలలో అంగడి మూసినారు. అది మదుపుదారుల సొమ్ము కాబట్టి మనకు పెద్ద పట్టింపు లేదు. ప్రజల సొమ్ము అయినప్పుడు ఎట్లా కొలవవలెను?

బ్రిటిష్ ప్రభుత్వం 2010 జూనులో ఒక మంచి కొలబద్ద చూపినది. తన శాఖల వెబ్‌సైట్లు 46 తీసుకొని ఖర్చు ప్రకటించినది. కట్టడానికి, నడపడానికి 9.4 కోట్ల పౌనులు, సిబ్బందికి 3.2 కోట్ల పౌనులు అయినవి. ఆ మొత్తాలను వదలి, ఒక్కొక్క వెబ్‌సైటు ఖర్చును దానిని చూడవచ్చినవారి సంఖ్యతో భాగించినారు. వాణిజ్య ప్రోత్సాహానికి ఉద్దేశించిన ఒక వెబ్‌సైటులో ఒక్క రాకకు 11 పౌనుల 78 పెన్నీలు పడినది! వ్యాపారులకు సలహాలిచ్చే మరొకదానిలో 2 పౌనుల 15 పెన్నీలు. కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చి పంపినా అంతకంటె తక్కువే అయ్యేది. ఆ తరువాత, 2012 అక్టోబరులో, ప్రధానమైన ప్రభుత్వ వెబ్‌సైట్లు రెండింటిని మూసి, వాటి స్థానే అన్నింటికీ ఒకే వెబ్‌సైటు తెరచి, శాఖలను ఒక్కొక్కటిగా అందులోనికి చేర్చసాగినారు.

84 కోట్ల కథ

ఇక అమెరికా కథకు వద్దాము. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రులు మనవలె లేవు. ఆరోగ్యబీమా లేనివానికి జబ్బు చేస్తే ఇల్లు వాకిలి అమ్ముకొనవలసివచ్చే సందర్భాలు కలవు. 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన శాసనం ప్రకారం, బీమా లేని ప్రజలు ఒక వెబ్‌సైటులో వివిధ బీమా పథకాలను పోల్చిచూచుకొని ఒకదానిని ఎన్నుకొనవచ్చును; ఆదాయం తక్కువైనవారికి ప్రభుత్వం సాయపడుతుంది. రాష్ట్రాలు తమకు తామే ఇటువంటి వెబ్‌సైటు కట్టుకొనవచ్చును. కట్టుకొననివాటికి కేంద్రప్రభుత్వం కట్టిపెట్టవలెను. చివరకు 36 రాష్ట్రాల భారం కేంద్రంమీద పడినది. దాని పేరు హెల్త్‌కేర్ డాట్ గవ్. తెరవవలసిన తేదీ 2013 అక్టోబరు 1. ఆ తేదీ కదలదు.

ఈ పని పైకి చిన్నది. ఒక మనిషి తన పేరు, ఆదాయం చెబుతాడు, పథకాలు చూపవలెను. కాని ఆ మనిషి చెప్పినది నిజమని తేల్చుకొనేది ఎట్లా? ఆదాయం సంగతి పన్నుల శాఖను అడగవలెను. గుర్తింపుసంఖ్య సంగతి సామాజికభద్రతా శాఖను అడగవలెను. పౌరసత్వం లేక వలసపత్రాల సంగతి దేశాంతర్గత భద్రతా శాఖను అడగవలెను. ఈ శాఖల కంప్యూటర్లు వేరువేరు కాలాలలో, వేరువేరు పనులకోసం కట్టినవి. వాటన్నింటినీ అడిగి సమాధానాలు తెచ్చే కూడలి ఒకటి కట్టవలెను. ఆ పిమ్మట సాయం లెక్కవేసి, మనిషి కోరిన బీమా కంపెనీకి కాగితాలు తప్పులు లేకుండా చేర్చవలెను. ఇదంతా అతడు కుర్చీలో కూర్చుండి ఉన్నంతసేపట్లోనే జరగవలెను.

2011 సెప్టెంబరులో ముఖ్యమైన కాంట్రాక్టులు ఇచ్చినారు. మొత్తంమీద 55 కాంట్రాక్టు సంస్థలు ఇందులో పాల్గొన్నవి. ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసిచూడవచ్చును. 55 మందిలో ప్రతి ఇద్దరి నడుమ ఒక ముడి ఉండగలదనుకొంటే, ముడులు 55ను 54తో హెచ్చించి సగం చేయగా 1,485. అన్నీ అవసరం కాకపోవచ్చును, కాని పని చేసేవారి సంఖ్య పెరిగినకొద్దీ ముడుల సంఖ్య దాని వర్గంవలె పెరుగుతుందన్నది మాత్రం నిజం. ఆ ముడులను చూచుకొనే పెద్దమేస్త్రీ ఒకడు ఉండవలెను. ఆ పనిని వేరొక అనుభవజ్ఞుడికి అప్పగించక, బీమా వ్యవహారాలు చూచే ప్రభుత్వ శాఖే తన చేతిలో ఉంచుకొన్నది. ఆ శాఖవారు బీమాలో ఉద్దండులు. ఇంత పెద్ద కంప్యూటరు కట్టడాన్ని నడిపిన అలవాటు వారికి లేదు.

రెండవ చిక్కు కాంట్రాక్టు తీరులో ఉన్నది. మన దగ్గర ఇల్లు కట్టించేటప్పుడు గుత్తకు ఇవ్వడం ఒకటి, రోజుకూలీకి పెట్టుకొనడం మరొకటి ఉన్నవి గదా. ఏమి కట్టవలెనో స్పష్టంగా తెలిసినప్పుడే గుత్త కుదురుతుంది. ఇక్కడ నియమాలు ఇంకా తయారవుతూనే ఉన్నవి. 2012 జూనులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు శాసనం నిలుస్తుందో లేదో తెలియదు. ఎన్ని రాష్ట్రాలు సొంతంగా కట్టుకొంటాయో 2012 చివరవరకు తేలలేదు. అందువలన అయిన ఖర్చంతా ఇచ్చి, పైన కొంత ప్రతిఫలం ఇచ్చే పద్ధతిన పని అప్పగించినారు. గోడ కట్టి, పగులగొట్టి, మరల కట్టినా మూడు కూలీలూ యజమానివే.

అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూచే జి.ఏ.ఓ. సంస్థ 2014 జూలైలో దీనిమీద నివేదిక వెలువరించినది. ప్రధానమైన అంగడిభాగానికి 2011 సెప్టెంబరులో కేటాయించినది 5.6 కోట్ల డాలర్లు. 2014 ఫిబ్రవరి నాటికి అది 20.9 కోట్లు దాటినది. సమాచారపు కూడలికి 3 కోట్లుగా మొదలైనది 8.5 కోట్లయినది. మరొక సంగతి ఇంకా విచిత్రం. అధికారం లేని ఉద్యోగులు సుమారు 40 పర్యాయాలు "ఇది కూడా చేయండి" అని కాంట్రాక్టుదారులకు చెప్పగా 3 కోట్ల డాలర్లకు పైగా అదనపు ఖర్చయినది. పెళ్ళివారింట ఎవరికి తోచినట్లు వారు వంటవానికి పురమాయించడం మనకు కొత్త కాదు. బిల్లు చూచిన తరువాతనే పెండ్లికూతురి తండ్రికి తెలుస్తుంది.

ఖర్చు సంగతి పత్రికలు కూడా సరిగా అందుకొనలేదు. తెరచిన కొద్దిరోజులకు 63 కోట్ల డాలర్లని ఒక సంఖ్య ప్రచారంలోకి వచ్చినది. చూడగా అది ప్రధాన కాంట్రాక్టుదారైన సి.జి.ఐ. ఫెడరల్ కంపెనీకి ఆ శాఖ అనేక సంవత్సరాలుగా వేరువేరు పనులకు ఇచ్చిన సొమ్ముల మొత్తం. నేను పైన చెప్పిన 84 కోట్లకు కూడా హద్దులు చెప్పవలెను. అది 2010నుండి 2014 మార్చివరకు ఈ వెబ్‌సైటుకు, దాని అనుబంధ వ్యవస్థలకు చేసిన కేటాయింపు. వెబ్‌సైటు వెల అని ఎవరైనా ఒక సంఖ్య చెప్పినప్పుడు, అందులో ఏమేమి చేరినవో అడగక ముందు దానిని నమ్మనూరాదు, కొట్టివేయనూరాదు.

మొదటి రోజు, మరి రెండు నెలలు

అక్టోబరు 1న తలుపు తెరచినారు. మొదటి 24 గంటలలో 47 లక్షలమంది వచ్చినారు. ఒకే సమయంలో యాభై అరవై వేలమంది ఉంటారని అనుకొన్నచోట రెండున్నర లక్షలమంది చేరినారు. జనం ఎక్కువైనందువలననే చెడిపోయినదని మొదట చెప్పినారు గాని, అది సగం సత్యమే. పథకాలను ఊరకే చూచిపోయే ఏర్పాటును చివరి రోజులలో తీసివేసి, ప్రతివాడూ ముందు ఖాతా తెరచి తీరవలెనన్నారు. సంతలోనికి వచ్చినవారందరినీ ఒకే గవినిలో నిలబెట్టి పేరు వ్రాయించుకొన్నట్లయినది. ఆ గవిని మూసుకొనిపోయినది. ఆరుగురు దాటినారు, రెండవ రోజు ముగిసేసరికి 248 మంది. అన్ని భాగాలనూ కలిపి మొదటినుండి చివరివరకు పరీక్షించడానికి తమకు దొరికినది చివరి రెండు వారాలేనని కాంట్రాక్టుదారులు అదే నెలలో పార్లమెంటు సంఘం ముందు చెప్పినారు.

మరొక ముచ్చట చెప్పవలెను. అదే వెబ్‌సైటులో సమాచారం మాత్రం చెప్పే ముందుపుటలు ఉన్నవి. వాటిని ఒక చిన్న సంస్థ గోడపత్రిక పద్ధతిలో కట్టి అదే సంవత్సరం జూనులో తెరచినది. అవి చక్కగా పనిచేస్తూనే ఉన్నవి. చెడినది వెనుక ఇల్లు.

అక్టోబరు చివరి వారాలలో జెఫ్రీ జయింట్స్ అనే అధికారిని మరమ్మతుకు నియమించినారు. గూగుల్ వంటి కంపెనీలలో పనిచేసిన కొందరు ఇంజనీర్లు వచ్చి చేరినారు. వారు వచ్చి చూచేసరికి, వెబ్‌సైటు ఎక్కడ ఎంత ఆలస్యమవుతున్నదో చూపే కొలతపరికరమే సరిగా లేదు. జ్వరమెంతో తెలియకుండా మందు ఇస్తున్నారన్నమాట. ముందు కొలతలు పెట్టినారు. ప్రతిదినం ఉదయం, సాయంకాలం అందరూ కూడి, ఏది చెడినదో దాచకుండా చెప్పవలెనన్నారు. పుట తెరుచుకొనడానికి సగటున 8 సెకండ్లు పడుతున్నట్లు తేలినది. తరచుగా అడిగే సమాధానాలను ప్రతిసారీ లోపలి గిడ్డంగినుండి తీయకుండా, కిరాణాకొట్టువాడు రోజూ అమ్ముడుపోయే సరుకును చేతికందేచోట ఉంచుకొన్నట్లు, వాకిటనే ఉంచే ఏర్పాటు చేయగానే అది 2 సెకండ్లకు దిగినది.

8 సెకండ్లు 2 కావడంవలన ఓపిక లేనివారికి సుఖమేగాని పెద్ద ప్రయోజనమేమి అని విద్యార్థులు అడగవచ్చును. సెకండుకు 1,000 కోరికలు వస్తున్నవనుకొందాము. ఒక్కొక్కదానికి 8 సెకండ్లు పడితే, ఏ క్షణంలో చూచినా లోపల 8,000 కోరికలు నిలిచి ఉంటాయి. 2 సెకండ్లయితే 2,000 మాత్రమే. వచ్చే వేగాన్ని ఉండే కాలంతో హెచ్చిస్తే లోపలివారి సంఖ్య వస్తుందన్న ఈ సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించినాడు. రేషను దుకాణం వరుసకూ ఇదే సూత్రం. యంత్రాలు కొనకుండానే ఇంటిలోని రద్దీ నాలుగవ వంతుకు తగ్గినది.

డిసెంబరు 1 నాటికి నాలుగువందలకు పైగా లోపాలు సరిదిద్దినారు. పుట సెకండులోపలే తెరుచుకొనసాగినది. నూటికి 6 వంతున ఉండిన తప్పులు ఒకటికి లోపుగా దిగినవి. ఒకే సమయంలో 50,000 మందికి చోటు కలిగినది. గడువు ముగిసేసరికి దేశం మొత్తంమీద 80 లక్షలమంది, అందులో ఈ వెబ్‌సైటు ద్వారా 54 లక్షలమంది బీమా పథకాలు ఎన్నుకొన్నారు. బ్రిటిష్‌వారి కొలబద్దతో చూస్తే, 84 కోట్లను మొదటిరోజు ఆరుగురికి పంచితే తలకు 14 కోట్లు. 54 లక్షలమందికి పంచితే తలకు సుమారు 155 డాలర్లు. ఆ కట్టడం తరువాతి సంవత్సరాలలో కూడా పనికివచ్చినది కాబట్టి నిజమైన సంఖ్య ఇంకా తక్కువ.

మరమ్మతు కూడా చవక కాదు. 2014 జనవరిలో సి.జి.ఐ. స్థానంలో వచ్చిన ఆక్సెంచర్ కంపెనీ కాంట్రాక్టు 9.1 కోట్లుగా మొదలై జూను నాటికి 17.5 కోట్లు దాటినది. దీనికి ఎదురుగా ఒక చిన్న ఉదాహరణ ఉన్నది. జనం చిక్కుబడిన ఆ గవిని, అనగా ఖాతా తెరచి లోనికి పంపే భాగం, పాతది 20 కోట్ల డాలర్లకు పైగా పడినదనీ, ఏటా మరి 7 కోట్లు దాని పోషణకు కావలసి ఉండెననీ, కొద్దిమంది యువకుల బృందం దాని స్థానే కట్టిన క్రొత్తదానికి 40 లక్షలు, ఏటా పోషణకు కూడా సుమారు అంతే అయినవనీ అట్లాంటిక్ పత్రిక 2015లో వ్రాసినది. యువకులు మేధావులే కావచ్చును. కాని వారు కట్టవచ్చేసరికి, ఏమి కట్టవలెనో, ఎంతమంది వస్తారో, ఎక్కడ విరుగుతుందో అన్నీ తెలిసిపోయి ఉన్నవి. ఆ తెలివికైన ఖర్చు పాత పద్దులో వ్రాయబడినది. పోలికలు చేసేటప్పుడు ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

వానరాకడ పుట

ఇటువంటిదే ఇటీవల ఆస్ట్రేలియాలో జరిగినది. అక్కడి వాతావరణ శాఖ 2025 అక్టోబరు 22న తన వెబ్‌సైటును క్రొత్తరూపంలో తెరచినది. తుపానులు, వరదలు, కారుచిచ్చులు ఉన్న దేశం కాబట్టి రైతులు, జాలరులు, అగ్నిమాపకులు అందరూ రోజూ చూచే పుట అది. వాన ఎక్కడ కురుస్తున్నదో చూపే రాడారు చిత్రంలో రంగులు, అమరికలు మారగా జనం గగ్గోలు పెట్టినారు. ఎంత ఖర్చయినదని అడిగితే 41 లక్షల ఆస్ట్రేలియా డాలర్లని శాఖవారు చెప్పినారు. ఒక నెల తిరిగేసరికి అసలు మొత్తం 9.65 కోట్లని వెల్లడయినది.

మొదటి సంఖ్య అబద్ధమా? కాదు. ఆ 41 లక్షలు పుట రూపకల్పనకు. వెనుక కట్టడానికి 7.98 కోట్లు, తెరవడానికి, భద్రతా పరీక్షలకు 1.26 కోట్లు. 2015లో ఆ శాఖ కంప్యూటర్లలోనికి బయటివారు చొరబడిన తరువాత లోపలి ఏర్పాట్లన్నీ గట్టిపరచవలసిన అవసరం కలిగి ఉండినది. జనం కంటికి కనిపించినది నూటికి నాలుగు పాళ్ళు. వారు కోపగించినదీ ఆ నాలుగు పాళ్ళమీదనే. శాఖవారు కొద్దిరోజులలోనే రాడారు చిత్రాన్ని పాత రూపానికి మార్చినారు. వెనుక కట్టడం మాత్రం క్రొత్తదే నడుస్తున్నది.